పారబోయని చుక్క

మరాకెష్
9 అక్టోబర్ 1998

మిలూద్ అన్నయ్యకు, జవాద్ సలాములు.

ముందు ఒక దొంగతనం ఒప్పుకుంటాను. బక్రీద్‌కి మన ఊరు సఫీ వచ్చినప్పుడు నీ కుండల కొట్లోంచి గిన్నెలకి పూసే సీసం పూత ఒక డబ్బా ఎత్తుకొచ్చాను. మే నెల నుంచి దాన్ని చిటికెడు చొప్పున మా ల్యాబ్‌లో పన్నెండు ఎలుకల నీళ్ళలో కలుపుతున్నాను. ఇంకో పన్నెండింటికి ఉత్త మంచినీళ్ళు.

ఎందుకో నీకు తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు సారె తిప్పుతున్నావు. నీ కూతురు షామా నాలుగేళ్ళప్పుడు నలభై మాటలు చెప్పేది. ఒక్కో మాటకీ ఒక్కో బొగ్గు గీత గీశాను, వంటింటి గోడ మీద ఇంకా ఉండాలి, చూడు. ఇప్పుడు ఆరేళ్ళు వచ్చాయి, చెప్పేది పది మాటలు. తింటూ తింటూ గోడని చూస్తూ ఉండిపోతుంది, పిలిచినా పలకదు. నువ్వు దిష్టి అంటావు. వదిన దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టిస్తుంది. ఆ పిల్లేమో నువ్వు గిన్నెలు ఆరబెట్టే అరుగు మీద కూర్చుని పూత అంటిన వేళ్ళు నాకుతుంది, తియ్యగా ఉందని. చివరి రెండేళ్ళూ నాన్న మణికట్లు చచ్చిన పిట్టల మెడల్లా వేలాడాయి కదా, టీ గ్లాసు కూడా మనమే నోటికందించాం కదా, అది ఎవడి దిష్టి?

బాబ్ దుక్కాలా ఫుట్‌పాత్ మీద కొన్న కరపత్రంలో ఒక వాక్యం ఉంది: "విషానికి ఆచారమని పేరు పెట్టినవాడే ఊరికి మొదటి శత్రువు." చదవగానే నువ్వే గుర్తొచ్చావు. కోపం తెచ్చుకో, ఫరవాలేదు.

ఇక అసలు సంగతి. మేము తెప్పించిన యాంటీబాడీ చేరింది. కాసాబ్లాంకా విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళు ఏడు వారాలు ఆపారు. ఇంత చిన్న గొట్టం, అడుగున రెండు చుక్కలు. అదేమిటో చెబుతాను, విసుక్కోకుండా చదువు. మెదడులో ఒక కణం పక్క కణానికి కబురు పంపాలంటే ఒక రసాయనం వదులుతుంది. అవతల ఆ కబురు అందుకోవడానికి ఒక గ్రాహకం ఉంటుంది, గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిలాగా. ఆ మనిషి లేకపోతే కబురు అందదు, పిల్లకి మాట నిలవదు. సీసం ఆ మనిషినే తినేస్తుందని నా నమ్మకం. కానీ వాడు ఏ సూక్ష్మదర్శినికీ కనపడడు. ఈ యాంటీబాడీ కుందేలు రక్తం నుంచి తీసింది. కోటి రకాల వస్తువుల మధ్య వాడొక్కణ్ణే వెతికి పట్టుకుంటుంది. దానికి రంగు కడితే, వాడు ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. లేనిచోట తెలుపే.

ఎలుకల మెదడు ముక్కలు కోసి రంగు వేస్తాను. అప్పుడు చూద్దాం, నువ్వు ఏ దర్గాకి పోతావో.

నీ తమ్ముడు
జవాద్

*

సఫీ, కుమ్మరుల కొండ
20 అక్టోబర్

ఒరేయ్ పూతదొంగా,

డబ్బా పోయిందని పక్కింటి పెద్ద కుమ్మరి మాలెమ్ లార్బీ మనవడి మీద అనుమానపడ్డాను. వాడికి ఒక గిన్నె ఇచ్చి క్షమాపణ చెప్పుకోవాలి ఇప్పుడు. అది నీ ఖాతాలో వేస్తాను.

ఊరికి మొదటి శత్రువుని నేనా? మరి ఆ శత్రువు చేసిన గిన్నెలమ్మిన తిండే తిని కదరా నీకు ఇంత నోరొచ్చింది? నీ చేతిలో మట్టి ఒక్కనాడు నిలబడలేదు. సారె మీద పెడితే గాడిద చెవిలా వాలిపోయేది. అందుకే నాన్న నిన్ను బడికి పంపాడు, తెలివి చూసి కాదు. నీ కరపత్రాలు ఇటు పంపు, రేవులో సార్డిన్ చేపలు చుట్టి ఇవ్వడానికి బాగుంటాయి.

నాన్న ముసలితనంతో పోయాడు. షామా బాగానే ఉంది. మొన్న పిల్లిని చూసి "బాబాయ్" అంది. నీ మీసం గుర్తొచ్చిందేమో.

రంజాన్‌కి రెండు నెలలే ఉంది. హరీరా చారు తాగే గిన్నెలు నాలుగు వందలు కావాలని ఎల్-జదీదా నుంచి కబురొచ్చింది. పచ్చపూతే కావాలట. సీసం లేకుండా ఆ పచ్చ రాదు, ఆ మెరుపు రాదు. నువ్వు ఎలుకలకి వడ్డించు, నేను ఊరికి వడ్డిస్తాను.

ఒక్కటి మాత్రం చెబుతా. రెండు చుక్కల కోసం ఏడు వారాలు ఆగాను అన్నావే, అది విని ముచ్చటేసింది. నాన్న మనకి నేర్పింది మరిచిపోకు. పూసింది పోగా గిన్నెలో మిగిలిన పూత తిరిగి జాడీలోకే పోవాలి. చుక్క పారబోసినవాడు కుమ్మరి కాడు.

మిలూద్

*

మరాకెష్
18 నవంబర్

అన్నయ్యా,

ఈ ఉత్తరంతో రెండు ఫోటోలు పెట్టాను. వెనక రాశాను ఏది ఏదో. కానీ రాయక్కర్లేదు, షామా కూడా చెప్పేస్తుంది.

మొదటిది మంచినీళ్ళ ఎలుక. ఆ వంపు చూడు, జ్ఞాపకాలు ఉండే చోటు అది. ఆవంలో సరిగ్గా కాలిన పెంకులా నిండు గోధుమరంగు. రెండోది నీ పూత తాగిన ఎలుక. అదే వంపు, అదే చోటు. వెలవెలబోయింది. గుమ్మం దగ్గర ఎవరూ లేరు అన్నయ్యా. కబురు వచ్చి వచ్చి వెనక్కి పోతోంది. చూడగానే అరిచాను, గెలిచానని. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. ఆ తెల్లటి ముక్కలో నాకు కనపడింది ఎలుక కాదు.

మా ప్రొఫెసర్ స్కల్లీ మేడమ్ తల్లికి ఆపరేషన్ అని రబాత్ వెళ్ళారు. ఆవిడ వచ్చేదాకా ఆగమన్నారు. ఎలా ఆగను? మంచినీళ్ళ ముక్కలు నెల మొదట్లోనే చేసేశాను, పూతవి ఈ వారం. నాన్న మాట నిలబెట్టాను తెలుసా. ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించిన యాంటీబాడీ ఆ రోజు మిగిలితే పారబొయ్యాలని ఇక్కడి నియమం. దొరల నియమం! ఏడు వారాలు గుమ్మం కాచి తెచ్చుకున్నదాన్ని సింకులో పోస్తానా? ప్రతిసారీ మిగిలింది మళ్ళీ గొట్టంలోకి, గొట్టం మళ్ళీ ఫ్రీజర్‌లోకి. రెండు చుక్కలతో మొత్తం ఇరవై నాలుగు ఎలుకలూ అయ్యాయి. కుమ్మరి కొడుకుని కదా.

ఆవం ఆర్పెయ్. బతిమాలడం లేదు, చెబుతున్నాను. రంజాన్ గిన్నెలు అంటావు. నాలుగు వందల ఇళ్ళలో ఉపవాసం విడిచే మొదటి గుక్కతో నువ్వు ఏం తాగిస్తున్నావో ఆలోచించు. నువ్వు ఆర్పకపోతే ఈ ఫోటోలు కరపత్రం మీద అచ్చేసి కొండంతా అంటిస్తాను. కింద మొదటి పేరు నీదే పెడతాను, అన్నవని చూడను.

ఇంకోటి, నీ అక్షరాలేంటి పోటులో పడవల్లా ఒక పక్కకి ఒరుగుతున్నాయి? పెన్ను మార్చు. లేదా బడికి రా, నేను నేర్పుతా.

జవాద్

*

సఫీ
12 డిసెంబర్

తమ్ముడూ,

ఆర్పేశాను.

నీ బెదిరింపుకి కాదు. ఫోటోలు వచ్చిన రోజు మహ్జూబా వాటిని పట్టుకుని ఎండలో చాలాసేపు నిలబడింది. తర్వాత షామాని అరుగు మీద నుంచి ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. "ఆవం కావాలో పిల్ల కావాలో బయట నిలబడి తేల్చుకో" అంది. మీ వదిన సంగతి నీకు తెలుసు. పదిహేనేళ్ళలో నాతో గట్టిగా మాట్లాడింది రెండుసార్లు. ఒకటి ఇది.

నీ దగ్గర ఒకటి దాచాను. షామా అక్టోబర్‌లో మూడుసార్లు పడిపోయింది. కళ్ళు పైకి పోయి, చేతులు కొట్టుకుంటూ. బాగానే ఉందని రాశాను. రాస్తే నువ్వు గెలిచినట్టు అవుతుందని రాయలేదు. ఇప్పుడు గెలిచావు, తీసుకో.

నాన్న జాడీలు నేనే పగలగొట్టాను. మూడు. మూడోది తాతది. లోపల అడుగున ముప్పై ఏళ్ళ పూత రాయిలా పేరుకుని ఉంది. పారబొయ్యని చుక్కలన్నీ.

ఎల్-జదీదా వాడికి లేదని కబురు పెట్టాను. ఫోటోలు జేబులో పెట్టుకుని కొండ మీద ప్రతి కొట్టుకీ వెళ్ళాను. సగం మంది నవ్వారు. "మీ తమ్ముడు ఎలుకలకి పెళ్ళి ఫోటోలు తీస్తున్నాడా?" అని ఒకడు. కానీ మాలెమ్ లార్బీ నవ్వలేదు. నలభై ఏళ్ళుగా పూత పూసిన మనిషి, రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "ఒకే మట్టి, ఒకదానికి రంగు పట్టలేదు. ఇందులో అబద్ధమేముంది?" అన్నాడు. మర్నాడు ఆయనా ఆర్పేశాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు. ఆయన చిన్న మనవరాలు జ్హోర్‌ది షామా వయసే, ఆ పిల్లా అరుగు మీదే పెరిగింది.

నేను సార్డిన్ డబ్బాల ఫ్యాక్టరీలో చేరాను. తలలు కోసే పని. షామా నా దగ్గరికి వచ్చి ముక్కు మూసుకుంటోంది. ఆర్పిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా పడిపోలేదు.

అక్షరాల గురించి వెక్కిరించావు. ముప్పై ఏళ్ళు మట్టి పిసికిన చేయి, ఆ మాత్రం ఒరగదా. నువ్వు చదవగలిగితే చాలు.

మిలూద్

*

మరాకెష్
10 జనవరి 1999

అన్నయ్యకు,

రంజాన్ సలాములు. షామా ఎలా ఉంది? పడిపోతే తేదీ రాసి ఉంచమని వదినతో చెప్పు.

ఫోటోలు ఇంక ఎవరికీ చూపించకు. పాడవుతాయి. తిరిగి పంపేస్తే మంచిది.

ఇక్కడ చలి. పని ఎక్కువగా ఉంది. మేడమ్ తిరిగి వచ్చారు.

జవాద్

*

సఫీ
25 జనవరి

ఒరేయ్ జవాద్,

పండగ వెళ్ళిపోయింది, నువ్వు రాలేదు. నీ ఉత్తరం పచ్చికుండలా ఉంది, తడితే మోత లేదు. తిట్టు లేదు, కరపత్రం లేదు, మొదటి శత్రువు లేడు. ఒంట్లో బాగాలేదా? ఆ మేడమ్ ఏమైనా అందా? నాతో చెప్పుకోకపోతే ఎవరితో చెప్పుకుంటావురా?

ఫోటోలు పంపను. లార్బీ వాటిని అద్దంలో కట్టించి కొట్లో పెట్టాడు. సారె అమ్మేశాడు ముసలాయన. పొద్దున్నే వచ్చి అలవాటుగా అరుగు మీద కూర్చుని ఖాళీ చేతులు చూసుకుంటాడు. శుక్రవారం నమాజు తర్వాత నువ్వు వచ్చి అందరికీ వివరంగా చెప్పాలట. "ఆ పిల్లాడి నోటితో వింటే మిగతావాళ్ళూ ఆర్పుతారు" అంటాడు.

షామా మొన్న ఒకసారి పడింది. తేదీ 19. కొద్దిసేపే.

ఫ్యాక్టరీలో నాకు వేరే పని ఇచ్చారు. చాకు రెండుసార్లు జారింది. ఇప్పుడు మూతలు మోస్తున్నాను. పెద్ద ఉత్తరం రాయలేను, ఇంతే.

మిలూద్

*

మరాకెష్
6 ఫిబ్రవరి

అన్నయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను.

ఫోటోలు తప్పు.

మేడమ్ వచ్చిన రోజే ముక్కలన్నీ చూపించాను, పతకం కోసం నిలబడ్డవాడిలాగా. ఆవిడ కళ్ళజోడు తీసి ఒకటే అడిగారు. "రెండు రకాలూ ఒకే రోజు, ఒకే గిన్నెలో చేశావా జవాద్?" లేదన్నాను. "మొదట ఏవి చేశావు?" మంచినీళ్ళవి అన్నాను. "తర్వాతి వాటికి కొత్త యాంటీబాడీ తీశావా?" లేదు మేడమ్, మిగిలింది దాచి వాడాను అన్నాను. అప్పటికీ గర్వంగానే చెప్పాను అన్నయ్యా. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

అది పూత కాదు. కరిగించి గడ్డకట్టించిన ప్రతిసారీ దాని పట్టు కొంత చచ్చిపోతుంది. ఏడెనిమిదిసార్లు అలా చేశాను. పూత తాగిన ఎలుకల దగ్గరికి వచ్చేసరికి నా గొట్టంలో ఉన్నది కుందేలు శవం. గుమ్మం దగ్గర మనిషి ఉన్నాడు. వెతకడానికి నేను పంపినవాడికే చూపు లేదు.

మేడమ్ స్నేహితురాలి ల్యాబ్ నుంచి ఒక గొట్టం అరువు తెచ్చారు. ఇరవై నాలుగు ముక్కలూ ఒకే గిన్నెలో, ఒకే పూట చేశాం. అన్నీ గోధుమరంగే. నీ పూత తాగినవి, మంచినీళ్ళు తాగినవి, పక్కపక్కన పెడితే ఏది ఏదో నేనే చెప్పలేకపోయాను.

ఇది జనవరి 6న తెలిసింది. నెల రోజులు దాచాను. చెబితే నువ్వు ఆవం మళ్ళీ వెలిగిస్తావని భయం. అబద్ధంతోనైనా పిల్ల బతుకుతోంది కదా, ఉండనీ అనుకున్నాను. కొట్టు కొట్టుకీ నువ్వు ఆ ఫోటోలు పట్టుకు తిరిగావని, లార్బీ సారె అమ్మేశాడని చదివాక ఇంక దాచలేకపోయాను. జనానికి నిజం చెప్పనివాళ్ళని తిడుతూ నేను చదివిన కాగితాలన్నీ మంచం కింద ఉన్నాయి. వాటి మీదే పడుకుంటున్నాను.

కానీ మేడమ్ ఇంకోటి కూడా చెప్పారు, ఇది దయచేసి రెండుసార్లు చదువు. "సీసం విషం కాదని ఈ ముక్కలు చెప్పడం లేదు. నువ్వు అడిగిన ప్రశ్నకి ఇవి జవాబు చెప్పలేవు, అంతే. ఎలుకని వదిలి పిల్ల రక్తం చూడు." కాసాబ్లాంకాలో ఆ పరీక్ష చేసే చోటు చీటీ మీద రాసి పంపుతున్నాను. షామాని తీసుకెళ్ళు. నన్ను నమ్మొద్దు. రక్తాన్ని నమ్ము.

తిట్టు అన్నయ్యా. ఆ తిట్టు కోసం ఎదురుచూస్తుంటాను.

జవాద్

*

సఫీ
10 మార్చి

జవాద్,

ఇది మీ వదిన చేతిరాత. మీ అన్న చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే నవ్వుకో.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత జేబులో పెట్టుకుని శుక్రవారం నమాజు అయ్యాక కొండ మీద అందరి ముందూ చదివాను. ఫోటోలు చూపించిన నోరే ఇదీ చదవాలి కదా. (వద్దని నేను కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు. మీ ఇద్దరిదీ ఒకే మొండితనం.)

మొదటి సగమే విన్నారు. రక్తం సంగతి చదివేసరికి నవ్వులతో ఏమీ వినపడలేదు. "సీసం మంచిదని ల్యాబే రాసిచ్చింది!" అని కేకలు. లార్బీ నవ్వలేదు, తిట్టలేదు. ఫోటోల అద్దం తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, "నేను చూసిన తెలుపు నిజంగా తెలుపే కదా మిలూద్?" అని అడిగాడు. అప్పు చేసి సారె తిరిగి కొన్నాడు. ఆవం వెలిగించాడు. జ్హోర్ అరుగు మీద కూర్చుంది.

మనం వెలిగించలేదు. షామాని కాసాబ్లాంకా తీసుకెళ్ళాం. రక్తం నిండా సీసమే ఉందట. డాక్టరమ్మ మందు రాసింది. "ఉన్నది పోకుండా చూడగలను, పోయింది తేలేను" అంది. బస్సులో వస్తూ మీ వదిన గోడమీద నలభై గీతల గురించే మాట్లాడింది. (ఇంటికి వచ్చి సున్నం వేశాను వాటి మీద. నువ్వు అడుగుతావని ముందే చెబుతున్నా.)

ఆ కాగితం కూడా లార్బీకి చూపించాను. చేత్తో పక్కకి తోసేశాడు. "ఒకసారి మీ ఇంటి కాగితం నమ్మాను, చాలు" అన్నాడు.

తిట్టమన్నావు. తిట్టడానికి నీ మీద కోపం రావడం లేదురా. పారబొయ్యొద్దని రాసింది నేనే.

(ఇక్కడ ఆగమన్నాడు. సలాం రాసి ముగించు అన్నాడు. నేను ముగించను. జవాద్, మీ అన్న ఈసారి ఎందుకు రాయలేదో నీకు తెలియాలి. కుడిచేయి మణికట్టు లేవడం లేదు. మీ నాన్నకి వేలాడినట్టే. మూతలు కూడా మోయలేడని ఫ్యాక్టరీ వాళ్ళు ఇంటికి పంపేశారు. నిరుడు వేసవి నుంచే మొదలైందట, నాకూ చెప్పలేదు. నీకు రాసిన ప్రతి ఉత్తరానికీ ఒక పూట పట్టేది. పెన్ను గుడ్డతో వేళ్ళకి కట్టుకుని రాసేవాడు. తమ్ముడి చదువు పాడవుతుంది, రాయకు అన్నాడు. రాశాను.)

మహ్జూబా

*

మరాకెష్
17 మార్చి

వదినకి, అన్నయ్యకి,

వచ్చే గురువారం బస్సుకి వస్తున్నాను. శుక్రవారం నమాజుకి కొండ మీద ఉంటాను.

కరపత్రాలు తేవడం లేదు. ముక్కలూ ఫోటోలూ తేవడం లేదు. అన్నయ్య ఉత్తరాలు తెస్తున్నాను, మూడు. అక్టోబర్‌ది, డిసెంబర్‌ది, జనవరిది. పొద్దున వాటిని ల్యాబ్ బల్ల మీద కిటికీ వెలుగులో పక్కపక్కన పరిచాను. మేడమ్ అటుగా వెళుతూ ఆగారు. ఒక్క మాట చదవలేదు, చదవక్కర్లేకపోయింది. మూడో దాని మీద వేలు పెట్టి, "ఈయన చేతికి ఏమైంది?" అని అడిగారు.

నా ఎలుకలకి అయిదు నెలలు కాపలా కాశాను మేడమ్, అన్నాను. ఇవి పోస్టులో వస్తూనే ఉన్నాయి. పెన్ను మార్చమని రాశాను.

అన్నయ్యా, అక్టోబర్‌లో "పూతదొంగా" అన్న మాట కొంచెం పక్కకి ఒరిగి ఉంది. డిసెంబర్‌లో "ఆర్పేశాను" అన్నది సగం వంగింది. జనవరిలో "మిలూద్" అని నువ్వు పెట్టిన నీ పేరు కాగితం అంచు దాటి కిందికి జారిపోయింది.

మాలెమ్ లార్బీకి చదువు రాదు కదా. ఆయన ముందు ఈ మూడూ వరసగా పెడతాను. పక్కన నువ్వు కూర్చో, చేయి దాచకుండా. ఆయన నాన్న చేతులు చూసిన మనిషి. నేను ఒక్క మాట కూడా మాట్లాడను.

నమ్ముతాడో లేదో తెలియదు. జ్హోర్‌ని మాత్రం ఆ పూట మన ఇంట్లో షామాతో ఆడుకోనివ్వండి, వదినా.

జవాద్